వీపు తిప్పి కొట్టిన చప్పట్లు

"ఈ మీసం ఎవరు పెట్టారు?"

తలెత్తి చూశాను. వానలో తడిసి ముద్దయిన ఒక అమ్మాయి మా షాపు ముందు నిలబడి, ఒక చెక్క బ్యాటుని నా ముఖం మీదకి చాపింది. బ్యాటు మీద పట్టుగుడ్డలో దూది కూరి చేసిన నాటకం హీరో బొమ్మ. తెల్లటి ముఖం, సన్నటి కళ్ళు. ముక్కు కింద మాత్రం గోధుమ రంగు మరక.

"నేను కాదండీ," అన్నాను.

"మీరు కాదు, మీ కస్టమర్. వాన మొదలవగానే మీ పూర్ణం కేకు చేత్తో పట్టుకుని మా చూరు కిందకి పరిగెత్తుకొచ్చాడు. ఎంత బాగుందో అంటూ వేలు పెట్టాడు. ఆ వేలికి మీ పూర్ణం."

"ఈ వీధిలో పూర్ణం పెట్టే షాపులు బోలెడున్నాయి. మాదే అని ఎలా చెప్తారు?"

ఆమె ఆ మరకని గోటితో గీకి నాలిక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుని ఆలోచించింది. "చక్కెర ఎక్కువైంది. మీదే."

నాకు ఒళ్ళు మండింది. ఒసాకాలో పని నేర్చుకుని మా పేట అసకుసాకి తిరిగొచ్చాక, మా అమ్మ నమ్మి నా చేతికి వదిలిన మొట్టమొదటి పూర్ణం అది. పొద్దున్నుంచీ మురిసిపోతున్నాను.

"కొన్నచోటే నిలబడి తినండి, తింటూ నడవకండి అని ఇంత బోర్డు పెట్టాం. ఆయన చదవకుండా పరిగెత్తితే నన్నేం చెయ్యమంటారు?"

"వానలో నిలబడి తినడానికి ఒక చూరు వెయ్యొచ్చుగా."

"మీరు బొమ్మకి ముందు అద్దం పెట్టొచ్చుగా."

"మీసం పెట్టింది మీరు."

"మీసం బాగానే ఉందండీ. అది లేకపోతే మరీ పాలు తాగే పిల్లాడిలా ఉండేవాడు."

ఆమె చెంపల్లోంచి నవ్వు తన్నుకొస్తోంది, ఒప్పుకోవడం లేదు. చివరికి తల పక్కకి తిప్పి, "ఈ ముఖం గీసింది నేను," అంది.

సారీ అన్నాను. మళ్ళీ సారీ అన్నాను. వేడివేడిగా అచ్చుల్లోంచి తీసిన కేకులు పొట్లం కట్టి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు. మీ షాపు కేకులు మా ఇంట్లో ఎవరూ తినరు."

"ఇప్పుడే తిన్నారుగా."

"అది సాక్ష్యం కోసం," అని గొడుగు లేకుండానే వానలోకి వెళ్ళిపోయింది.

లోపల్నుంచి మా అమ్మ వచ్చింది. "ఎవర్రా కెన్‌గో ఆ పిల్ల?"

"ఎవరో బొమ్మల వాళ్ళమ్మాయి. పక్క సందులో షాపనుకుంటా."

అమ్మ చేతిలోని పట్టకారు ఠంగుమని కింద పడింది. "తొకునాగా కూతురు షిహో. ఆ ఇంటి వాళ్ళతో మాట్లాడావా?"

అప్పుడు చెప్పింది అసలు కథ. మా గుడి ముంగిట్లో డిసెంబరులో బొమ్మల బ్యాట్ల సంత జరుగుతుంది. ఇంట్లో పెట్టుకుంటే కొత్త ఏడాది చెడు తగలదని జనం ఎగబడి కొంటారు. బేరం కుదిరిందా, అమ్మినవాడూ కొన్నవాడూ చుట్టూ ఉన్నవాళ్ళూ కలిసి చప్పట్లు కొడతారు. చప్పట్లు పడ్డాక మాట మారదు. అంతే, ఆ సంతకి అదే రిజిస్ట్రేషన్.

మా తాత ఒక ఏడు సంతలో రెండు గుక్కలు ఎక్కువ తాగి, తొకునాగా వాళ్ళ స్టాల్లో మనిషెత్తు బొమ్మకి బేరమాడి, చుట్టుపక్కల స్టాళ్ళన్నీ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టి వచ్చాడు. తెల్లారి మా నానమ్మ చీపురు పట్టుకునేసరికి, వెళ్ళి వద్దనేశాడు. అదే బొమ్మ కోసం వచ్చిన ఇంకో పెద్దమనిషిని వాళ్ళు అప్పటికే పంపించేశారు. ఆ రోజు నుంచి తొకునాగా ఇంట్లో మా పేరు హషిబా కాదు, చప్పట్ల దొంగలు.

"తాత పోయాడు, వాళ్ళ తాతా పోయాడు. ఇంకా ఏంటమ్మా?" అన్నాను.

"వెళ్ళి ఆ తొకునాగాతో చెప్పు ఆ మాట. ఒంటి మీద చర్మం మిగిలితే ఇంటికి రా," అంది అమ్మ.

నేను వెళ్ళింది తొకునాగా దగ్గరికి కాదు. పొద్దున్నే కన్నోన్ దేవత గుడి మెట్ల ముందు ధూపం గంగాళం దగ్గర షిహో కనిపిస్తుందని తెలిసి, అక్కడికి వెళ్ళాను. ఎలా తెలిసిందని అడక్కండి. మా వీధిలో ఏదైనా తెలుసుకోవాలంటే ఒక కేకు చాలు.

ఆమె పొగలో కుడి మణికట్టు పెట్టి తిప్పుతోంది. ఆ పొగ తగిలిన చోటు బాగవుతుందని మావాళ్ళ నమ్మకం.

"చేతికేమైంది?"

"ఏం కాలేదు. కళ్ళు గీసేటప్పుడు వణక్కూడదని."

నేను రెండు చేతులతో పొగని నా తల మీదకి తోసుకున్నాను.

"తలకెందుకు?" అంది.

"బుద్ధి రావాలని."

తలని అటూ ఇటూ పరీక్షగా చూసింది. "ఒక్కరోజు పొగ చాలదు. రేపు కూడా రండి."

ఆ మాట చాలు కదా. రేపు వెళ్ళాను, ఎల్లుండి వెళ్ళాను. జేబులో ఒక కేకు తీసుకెళ్ళేవాణ్ణి. ఎవరూ చూడకుండా సగం కొరికి తీర్పు చెప్పేది. చక్కెర తగ్గించండి. ఇప్పుడు మరీ తగ్గింది, కోపమొచ్చి చేశారా? ఇవాళ గింజలు నలగలేదు, ధ్యాస ఎక్కడుంది? ధ్యాస ఎక్కడుందో చెప్పే ధైర్యం నాకు లేదు. అక్టోబరు వానలు వెళ్ళి చలి వచ్చేసరికి ఆమె కేకు మొత్తం తినేయడం మొదలుపెట్టింది. మీరు కాస్తా నువ్వు అయింది. మా అమ్మ మాత్రం, "ఈమధ్య పూర్ణం అచ్చం మీ నానమ్మ చేసినట్టుంటోంది, ఎవరు నేర్పారు?" అని అనుమానంగా చూసేది.

సంతకి ముందు ఒక సాయంత్రం ఉన్నట్టుండి జల్లు పడింది. గుడి వీధి మొదట్లో ఉరుముల దేవుడి దర్వాజా కింద, దానికి వేలాడే పెద్ద ఎర్ర కాగితం దీపం పొట్ట కింద ఇద్దరం ఇరుక్కున్నాం. నా దగ్గర గొడుగుంది. తెరవలేదు.

"గొడుగు పాడైందా?" అంది షిహో.

"లేదు."

"మరి?"

"తెరిస్తే వెళ్ళిపోతావు."

ఆమె జుట్టు చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. వానకేసే చూస్తూ నిలబడింది. చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి.

"షిహో, నువ్వంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందాం," అనేశాను.

"ఎక్కడికైనా వెళ్ళిపోదామా అనకు."

"అనలేదుగా."

"అనబోయావు." నా వైపు తిరిగింది. ఇప్పుడు నవ్వు లేదు. "విను కెన్‌గో. అమ్మ పోయాక నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బ్రష్ పట్టించాడు. ఆయన్ని ఏడిపించి నేనెక్కడికీ రాను. దొంగచాటుగా రాను. ఆయన తన నోటితో ఇచ్చానని అనాలి. అంటే వస్తాను. అనేదాకా, రేపటి నుంచి గంగాళం దగ్గరికి కూడా రాను."

"ఆయన నన్ను గడప తొక్కనివ్వడు."

"సంతలో గడప ఉండదు," అంది. నా చేతిలో గొడుగు లాక్కుని, తెరుచుకుని, ఒక్కతే వెళ్ళిపోయింది.

అదీ సంగతి. నాకు మిగిలింది సంత ఒక్కటే.

మొదటిరోజు వెళ్ళాను. తొకునాగా నన్ను చూడగానే పక్క కస్టమర్‌తో, "జేబు జాగ్రత్తండీ, చప్పట్ల దొంగలు తిరుగుతున్నారు," అన్నాడు. పక్క స్టాలు కినుకో పిన్ని ఫక్కున నవ్వింది. రెండోరోజు సన్నటి చలివానలో ఆయన స్టాలు ముందే నిలబడ్డాను. నేను నోరు తెరిచినప్పుడల్లా ఆయన ప్లాస్టిక్ పట్టా దులిపేవాడు. నీళ్ళన్నీ నా మీదే. షిహో లోపల్నుంచి చూస్తోంది. ఆయన తన నోటితోనే అనాలంది కదా, సాయం చెయ్యదు.

మూడోరోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వెళ్ళాను. అదే ఆఖరి రోజు. ముందురోజు తడిసినందుకు గొంతు పూర్తిగా పోయింది. మాట్లాడితే ఎవరో ముసలాయన మాట్లాడినట్టుంది. ముక్కు కారుతోందని అమ్మ మాస్కు తగిలించి, మఫ్లరు చుట్టి, టోపీ పెట్టి పంపింది. ఎక్కడికి వెళ్తున్నానో చెప్పలేదు. అచ్చులు తిప్పుతూ నా వైపు చూడకుండానే, "నిటారుగా నిలబడి అడుగు," అంది. అమ్మలకి అన్నీ తెలుసు.

జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. తొకునాగా చిన్న నిచ్చెన ఎక్కి, నాకు వీపు చూపిస్తూ, పై వరసలో బొమ్మలు సర్దుతున్నాడు. కింద, స్టాలు ముందు షిహో నిలబడి ఉంది. ఆమె చేతుల్లో ఆ ఏడాది చేసిన వాటన్నిటిలోకీ పెద్ద బొమ్మ ఉందట. నేను చూడలేదు. ఒట్టు, నాకు షిహో తప్ప ఏమీ కనపడలేదు.

నడుం వంచి, కళ్ళు నేలకి దించి, ఊపిరంతా కూడదీసుకున్నాను.

"తొకునాగా గారూ, ఇవ్వండి. చాలా రోజుల్నుంచి ఇదొక్కటే కోరిక."

ఆయన వెనక్కి తిరగలేదు. "ముందు నిలబెట్టి ఉంది, అదేనా?"

"అవునండీ."

"మంచి కన్నుందయ్యా నీకు. ఎంతమంది అడిగారో తెలుసా? మనసొప్పక ఇవ్వలేదు."

ఆయన గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. నన్ను గుర్తుపట్టాడని, షిహో ముందే చెప్పి ఒప్పించిందని అనుకున్నాను. నా కళ్ళు చెమర్చాయి.

"తెలుసండీ. నేను అర్హుణ్ణి కాదు. అయినా అడుగుతున్నాను."

"అబ్బో. ఇంట్లో చోటుందా?"

"ఉందండీ. పై గది ఖాళీ చేస్తాను."

"వంటింటి పక్కన పెట్టకు. పొగకి కళ పోతుంది."

"వంటింట్లోకే రానివ్వనండీ. వంట నేనే చేస్తాను."

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మేకు వెతుక్కుంది. "ఎండ తగలకూడదు."

"గొడుగు పడతాను."

"కొందరుంటారు, ఏడాది తిరక్కుండానే తీసుకొచ్చి వదిలేసి కొత్తది చూసుకుంటారు."

"ఛ ఛ, అలాంటివాణ్ణి కాదండీ. చచ్చేదాకా చూసుకుంటాను."

"అన్నిటికన్నా ముఖ్యం, ముఖం మీద చెయ్యి వెయ్యకూడదు."

ఇక్కడ నాకు కాస్త కష్టమైంది. అయినా కన్నతండ్రి, అడుగుతాడు. "అడక్కుండా వెయ్యనండీ," అన్నాను.

షిహో భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. ఆమెకి రెండో ప్రశ్నకే సంగతి అర్థమైపోయిందని, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటోందని తర్వాత తెలిసింది.

"ఈ రోజుల్లో ఇంత శ్రద్ధ ఎవరికుందయ్యా?" అన్నాడు తొకునాగా నిచ్చెన మీంచి. "తీసుకెళ్ళు. ఇచ్చేశాను. ఏయ్ కినుకో, చప్పట్లు!"

"ఇయోఓఓ" అని ఆయన రాగం తీశాడు. అటు వరసా ఇటు వరసా స్టాళ్ళ వాళ్ళు చేతులు ఖాళీ చేసుకున్నారు. మూడు చప్పట్లు. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. చివరిగా ఒకటి. నేను కూడా కొట్టాను, అరిచేతులు మండేలా. టోపీ తీసి, మాస్కు పీకి, ఆనందంతో నేలకి వంగిపోయాను.

"చాలా థ్యాంక్స్ మామగారూ!"

నిచ్చెన మీద వీపు బిగుసుకుంది. తొకునాగా మెల్లగా తిరిగాడు. నన్ను చూశాడు. కూతుర్ని చూశాడు. కూతురి చేతిలో బొమ్మని చూశాడు.

"ఎవర్రా మామగారు?"

"మీరే కదండీ. ఇప్పుడే కదా షిహోని..."

"బొమ్మరా! నేనిచ్చింది బొమ్మ!"

అప్పుడు కనపడింది నాకా బొమ్మ, షిహో గడ్డం దాకా ఉంది. దాన్ని ఎలా చూడలేదో ఇప్పటికీ నాకు తెలీదు.

"రద్దు," అన్నాడు తొకునాగా కిందకి దిగుతూ. "ఈ చప్పట్లు రద్దు."

కినుకో పిన్ని మెడ చాచింది. "అదేంటి తొకునాగా, చప్పట్లు పడ్డాక రద్దు ఉంటుందా? హషిబా వాళ్ళ తాత చేసిందీ అదే కదా?"

"నువ్వు నోర్ముయ్."

"మూస్తాను. కానీ ఇన్నేళ్ళూ ఆ మాట నువ్వు ఎన్నిసార్లు అన్నావో ఈ వరసలో అందరం విన్నాం. ఇంతకీ కొత్త చప్పట్ల దొంగ ఎవరు?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ముఖం కందగడ్డ అయింది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు సంబరమేసింది. ఇరుక్కున్నాడు, ఇక ఒప్పుకోక చస్తాడా? అంతలో షిహోని చూశాను. ఆమె నవ్వు ఆగిపోయింది. తండ్రి కేసి చూస్తోంది. పదిమందిలో ఆయన తల వంచితే ఈ పిల్ల నాతో రాదు. వచ్చినా సంతోషంగా ఉండదు. ఆ సంగతి నాకు సూటిగా తగిలింది.

"కినుకో పిన్నీ, ఆగండి," అన్నాను. గొంతు గరగరలాడుతోంది. "తొకునాగా గారూ, మీరు తెలీక కొట్టారు. అవి మీవి, వెనక్కి తీసుకోండి. ఎవరూ ఏమీ అనకూడదు. కానీ నేను తెలిసే కొట్టాను. నావి నేను వెనక్కి తీసుకోను. మా తాత తీసుకున్నాడు, ఆ పేరు మేం మోస్తున్నాం. నేను మొయ్యను. రేపు వస్తాను, వచ్చే సంతకీ వస్తాను. మీరు పట్టా దులుపుతూనే ఉండండి, తడుస్తూనే అడుగుతాను."

తొకునాగా భుజం మీద తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇందాక ముఖం మీద చెయ్యి వెయ్యనన్నావు."

"అడక్కుండా వెయ్యనన్నానండీ."

"వంట చేస్తానన్నావు."

"చేస్తానండీ."

"కేకులు తప్ప ఏమైనా వచ్చా?"

"నేర్చుకుంటానండీ."

షిహో బొమ్మని జాగ్రత్తగా బల్ల మీద ఆనించి మా మధ్యకి వచ్చింది. "నాన్నా, బొమ్మనైతే ఎవరూ అడగరు. నన్ను అడగాలి కదా? ఇంతసేపట్నుంచి ఇద్దరూ ఇస్తాను, తీసుకుంటాను అంటున్నారు."

నేను ఆమె వైపు తిరిగాను. అక్కడ అంతమంది ఉన్నారన్న సిగ్గు కూడా రాలేదు. "షిహో, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"బ్రష్ వదలను."

"వదలద్దు."

"నీ పూర్ణంలో చక్కెర ఎక్కువైతే అందరి ముందూ చెప్తాను."

"చెప్పు."

"అయితే సరే," అంది. అని, చిన్నపిల్లలా తండ్రి చొక్కా అంచు పట్టుకుంది. "నాన్నా, నాకితనంటే ఇష్టం. మీరు వద్దంటే ఉండిపోతాను. కానీ ఇష్టం మాత్రం పోదు."

తొకునాగా కూతురి చెయ్యి కేసి చూశాడు. తర్వాత నా కేసి చూసి, ఖరాఖండిగా అన్నాడు. "ఇందాకటి చప్పట్లు చెల్లవు."

కినుకో పిన్ని ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"వీపు తిప్పి కొట్టాను. మా ఇంట్లో ఎవరూ వీపు తిప్పి బేరం చెయ్యలేదు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కోటు అంచులు రెండూ లాగి సరిచేసుకున్నాడు. "ఎదురుగా నిలబడరా. ఆ మఫ్లరు తీసెయ్. నిటారుగా. ఆఁ. షిహో, నువ్వతని పక్కన."

నిలబడ్డాం. ఆయన గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "హషిబా కెన్‌గోకి నా కూతుర్ని ఇస్తున్నాను. ఇయోఓఓ!"

మూడు. మూడు. మూడు. ఈసారి మా వరస ఒక్కటే కాదు. చప్పట్లు గుడి మెట్ల దాకా పాకిపోయాయి. ఎందుకో తెలియని కస్టమర్లూ కొట్టారు, సెల్ఫీలు ఆపి మరీ కొట్టారు.

చివరి ఒక్క చప్పట దగ్గర తొకునాగా ఆగాడు. అరిచేతులు దగ్గరికి వచ్చి, గాలిలో ఆగిపోయాయి. సంతంతా చేతులెత్తి ఆయన కోసం ఎదురుచూసింది. ఆయన షిహోని చూశాడు. షిహో కళ్ళ నిండా నీళ్ళతో తల ఊపింది.

ఆయన కొట్టాడు. ఆ చప్పుడుకి గుడి కప్పు మీద పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"ఏం చూస్తున్నావు అల్లుడూ," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ, "కస్టమర్లు వచ్చారు, పిలువు."